పాత బ్లాకులో నాలుగో మంచం

కావలిలో డిగ్రీ కాలేజీకి ఎదురుగా, ట్రంకు రోడ్డు మీద విజయకుమారి జిరాక్సు షాపు. పొద్దున తొమ్మిదికి షట్టరెత్తి, మిషను వేడెక్కేలోపు గడప కడిగి, రెండు అగరొత్తులు వెలిగించి కంప్యూటరు ముందు కూర్చుంటుంది. మధ్యాహ్నం దాకా ఊపిరి సలపదు. హాల్ టికెట్లు తీసుకునే పిల్లలు, కుల సర్టిఫికెట్లకీ రేషన్ కార్డులకీ దరఖాస్తు పెట్టుకునే పెద్దవాళ్లు. అందరి దరఖాస్తులూ ఆమే నింపుతుంది. ఇంటి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, కుటుంబంలో ఎంతమంది అని అడుగుతూ, చెప్పేవాళ్ల మొహం చూడకుండానే టకటకా కొట్టేస్తుంది.

ఆ మే నెలలో ఎనిమిది రోజులుగా, గిరాకీ పలచబడ్డాక ఆమె ఒకే పేజీ తెరిచి చూస్తూ కూర్చుంటోంది. సముద్రం ఒడ్డున కొత్తగా పేరుపడ్డ నీళ్ల పార్కు, దాన్ని ఆనుకుని ఉన్న రిసార్టు. కూతురు భానుప్రియ ఏడో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. క్లాసులో సగం మంది అక్కడికి పోయొచ్చారట. పొద్దున పోయి సాయంత్రం వస్తే సరిపోదట, ఒక రాత్రి ఉండాలట.

రిసార్టులో గదులు మూడు రకాలు. సముద్రం వైపు కాటేజీలు చెన్నై నుంచి కార్లలో వచ్చేవాళ్లకి. కొత్త బ్లాకులో డీలక్సు గదులు. అన్నిటికన్నా చవక, పాత బ్లాకులో ఫ్యామిలీ సూట్లు. కావలి, సంగం వైపు జనమంతా అవే తీసుకుంటారు. ఆ సూట్లకి ఒక పద్ధతి ఉంది. ఎంతమందికని బుక్ చేసుకున్నా సరే, సామాను లోపల పెట్టి తాళం వేసుకుని భోజనానికి పోయి వచ్చేసరికి, ఆ కుటుంబంలో నిజంగా ఎంతమంది ఉంటే అన్ని మంచాలు వేసి ఉంటాయి. వేసేందుకు పనివాళ్లెవరూ రారు. గదే వేసుకుంటుంది. చనిపోయినవాళ్లకి వెయ్యదు. బతికున్నవాళ్లని మాత్రం మరిచిపోదు.

కింద జనం రాసిన అభిప్రాయాలు ఉన్నాయి. 'బాత్రూములు శుభ్రం. ఏసీ నిదానం. ఇంటికాడ వదిలేసి వచ్చిన మా అత్తగారికి కూడా మంచం వేసింది, నడవడానికి చోటు లేదు. మూడు స్టార్లు' అని ఒంగోలు ఆయనెవరో రాశాడు. 'పొంగలి బాగుంది. మా బాబాయితో మాటల్లేక ఆరేళ్లయింది, ఆయనకీ వేసింది. మా నాన్న దానిమీద తడి తువ్వాళ్లు ఆరేశాడు' అని గూడూరు అమ్మాయి. ఇవి చదువుతుంటే విజయకుమారికి నవ్వొచ్చేది. ఆ కింద ఇంకొకటి ఉంది. 'ముగ్గురం పోయినాం. రెండే వేసింది. ఎందుకో మాకు తెలుసు.' ఊరూ పేరూ లేదు. నవ్వడం ఆపి ఆమె దాన్నే మళ్లీ మళ్లీ చదివేది.

ఆరోజు భర్త ప్రసాద్ క్యారియరు తీసుకుని షాపుకొచ్చాడు. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేస్తాడు అతను. చేతుల గ్రీజు తుడుచుకుంటూ తెర మీదకి వంగి చూశాడు.

"డీలక్సెందుకు? పాత బ్లాకు చాలదా మనకి?"

"ఏసీ నిదానమంట."

"మనింట్లో అసలు ఏసీనే లేదు గదా."

ప్రసాద్ కాసేపు ఆమె వీపు వంక చూసి, "సరే, నీ ఇష్టం" అని చేతులు కడుక్కోడానికి పోయాడు. అతనికీ తెలుసు. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఇద్దరికీ తెలిసీ, ఇద్దరూ మాట్లాడుకోని సంగతి అదొక్కటే.

విజయకుమారి పుట్టిల్లు సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ల పాలెం. ఆమెకొక్కడే తమ్ముడు, శివశంకర్. ఒక కార్తీకమాసంలో వాడి పడవ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తిరగబడింది. వాడు రెండో రోజు శవమై ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. అప్పటికి వాడి భార్య అంకాలమ్మకి ఏడో నెల. ఇరవై ఒకటో ఏడు. రెండు నెలలకి, ఆటో వచ్చేలోపే ఇంట్లో కాన్పయింది. ఆడపిల్ల. ఆ తర్వాత బాలింతకి జ్వరం తిరగబెట్టి, నెల్లూరు ఆస్పత్రిలో కొన్నాళ్లు, ఇంట్లో కొన్నాళ్లు మంచాన పడింది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లల్లేని విజయకుమారి పాలెంలోనే ఉండి మూడు నెలలు ఆమెకి చాకిరీ చేసింది. పిల్లకి డబ్బా పాలు పట్టింది. కావలికి తిరిగి పోయేటప్పుడు, "నువ్వు లేచి తిరిగే దాకా పాపని నా దగ్గర ఉంచుకుంటా అంకాలూ" అంది. అంకాలమ్మ పడుకున్న చోటు నుంచే తలూపింది.

ఆమె లేచి తిరిగింది. రొయ్యలు వలిచే షెడ్డులో పనికి కుదిరింది. పాప మాత్రం తిరిగి పోలేదు.

ఇంట్లో కాన్పు కాబట్టి పుట్టిన సర్టిఫికెట్టు లేదు. ఆ దరఖాస్తు విజయకుమారే తన షాపులో, తన కంప్యూటరు మీద నింపింది. తల్లి పేరు అన్నచోట తన పేరు కొట్టింది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని కొట్టించలేదు. ఎవరూ అడ్డుపడలేదు కూడా. పాప మంచి బళ్లో చదువుతోంది, ఇంగ్లీషు మాట్లాడుతోంది, అక్కడుంటే ఏముంది, షెడ్డు కంపు తప్ప, అని పాలెంలో అందరూ అనుకున్నారు. భానుకి విజయకుమారి అమ్మ. అంకాలమ్మ అత్త.

ఆ అత్త రెండు నెలలకోసారి బస్సులో వచ్చేది. ప్లాస్టిక్ డబ్బాలో వేపిన రొయ్యలు తెచ్చేది. హాల్లో కుర్చీ ఖాళీగా ఉన్నా గడప దగ్గరే కూర్చుని భానుకి రెండు జడలు వేసేది. వెయ్యడం అయిపోయాక ఒక జడ విప్పి, వంకరొచ్చిందని మళ్లీ వేసేది. ఎప్పుడూ ఒక పూట కంటే ఉండలేదు. ఆమె లేచి వెళ్లాక విజయకుమారి భాను తల తడిమి చూసేది, ఎందుకో ఆమెకే తెలియదు.

ఆ గది మంచాలు రెండే వేస్తుందని ఆమె భయం. తనకొకటి, ప్రసాద్‌కొకటి. పిల్ల తన సంచీ పట్టుకుని గది మధ్యలో నిలబడుతుంది. తొమ్మిదో రోజున డీలక్సు గది బుక్ చేసింది.

*

ముగ్గురూ ఒకే బండి మీద, మధ్యలో భాను, ముందు సంచీ పెట్టుకుని పోయారు. పాలెం మలుపు దాటాకే రిసార్టు. ఆ మలుపు దగ్గర ప్రసాద్ బండి కొంచెం నెమ్మది చేశాడు. విజయకుమారి మొహం అవతలి వైపు తిప్పుకుంది. అతను మళ్లీ వేగం పెంచాడు.

కౌంటర్లో నడివయసు ఆడమనిషి కూర్చుని ఉంది. చొక్కా మీద బిళ్లలో 'అబిగయీలు' అని ఉంది. రిజిస్టరు తిప్పి వీళ్ల ముందు పెట్టింది.

"డీలక్సు, ముగ్గురికి. అక్కడ మంచాలు మీరు ఎన్ని చెప్తే అన్నే ఉంటాయమ్మా."

"పాత బ్లాకులో ఖాళీ లేదా ఆంటీ?" అంది భాను.

"ఒకటుంది. స్లైడ్లకి అదే దగ్గర. మార్చమంటే మారుస్తా." అబిగయీలు విజయకుమారి వైపు చూసింది.

భాను తల్లి చెయ్యి పట్టుకుంది. "మనకెన్నేస్తుందో చూడాలనుందమ్మా. అందరూ మాకన్ని, మాకిన్ని అని చెప్పుకుంటారు. నాకే చెప్పుకోడానికేం లేదు."

ప్రసాద్ నేల చూపులు చూస్తున్నాడు. విజయకుమారి రిజిస్టరు మీదకి వంగింది. పేరు, వయసు, సంబంధం. భానుప్రియ పేరు ఎదురుగా ఎన్నో కాగితాల మీద రాసిన మాటే ఇక్కడా రాయాలి. కలం ఆ గడిలో ఆగిపోయింది. ఇట్టాంటప్పుడు ఆమె నోటికి ఏదో ఒక సాకు తయారుగా ఉండేది. ఆ పూట ఒక్కటీ రాలేదు.

"మార్చండి" అంది.

సూటులో తెల్ల గోడలు, గచ్చు నేల, చిన్న వరండా. మంచాల్లేవు. సంచీ మూలన పెట్టి, తాళం వేసుకుని భోజనానికి పోయారు. భాను రెండుసార్లు పెరుగన్నం పెట్టించుకుని, చెయ్యి కడుక్కుని జారుడుబండలు చూడ్డానికి పరిగెత్తింది. విజయకుమారి అన్నం కలిపి, పళ్లెం పక్కకి జరిపింది.

ప్రసాద్ మెల్లిగా అన్నాడు. "రెండే వేస్తే నేను నేల మీద పడుకుంటా. నడుం నొప్పి, మంచం పడదని చెప్తా. పాప నీ పక్కన పడుకుంటది."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ తొమ్మిది రోజులూ ఆ రెండు మంచాల అభిప్రాయం తనొక్కతే చదువుతున్నాననుకుంది.

తిరిగొచ్చి తాళం తీసింది భానే. లోపలికి తొంగిచూసి వేళ్లు ముడిచి లెక్కపెట్టింది.

"నాలుగు" అంది.

విజయకుమారికి ముందు ప్రాణం లేచొచ్చింది. పిల్లకి వేసింది. గోడ వారగా మూడు మంచాలు, మధ్యది కొంచెం చిన్నది, భాను పొడుక్కి సరిగ్గా. ఆ తర్వాత కిటికీ పక్కన నాలుగోది కనపడింది. మూడింటి మీదా ఉబ్బిన దిండ్లు. దాని మీద దిండు లేదు. తల పెట్టుకునే చోట మామిడిపండు రంగు నూలు చీర, నల్ల అంచుది, నాలుగు మడతలు పెట్టి ఉంది. కాన్పు తర్వాత జబ్బులో అంకాలమ్మకి దిండు పెట్టుకుంటే మెడ పట్టేసేది. విజయకుమారి తన చీర ఒకటి మడతపెట్టి తల కింద పెట్టేది. అదే చీర.

"ఇదెవరికమ్మా?"

ప్రసాద్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మీ అంకాలత్తకి" అంది విజయకుమారి.

భాను ఆలోచించింది. "నిఖితకి ముగ్గురు అత్తలుండారు. వాళ్లకి వెయ్యలేదంట. ఇంట్లోవాళ్లకే వేస్తదంట."

విజయకుమారి మంచాల మధ్య నేల మీద కూర్చుంది. నిలబడి చెప్పగలిగేది కాదు.

"ఆమె నిన్ను కన్నది భానూ. నేను కాదు."

తర్వాత అంతా చెప్పింది. పడవ సంగతి, జ్వరం సంగతి, ఆమె లేచి తిరిగే దాకా అని తీసుకురావడం. సర్టిఫికెట్లో తల్లి పేరు దగ్గర తన పేరు తనే కొట్టుకున్నానని చెప్పింది. పిల్ల ఏడవలేదు. నాలుగో మంచం పట్టె మీద గోటితో గీస్తూ విన్నది.

"నన్ను ఇచ్చెయ్యమని ఆమె అడగలేదా?"

"ఇచ్చెయ్యమని అడగలేదు. నీకు మూడేళ్లప్పుడు ఒకసారి, సెలవులకి పంపిస్తావా అని అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"నీకు జ్వరమని చెప్పినాను."

"నాకు జ్వరమొచ్చిందా అప్పుడు?"

"లేదు."

భాను లేచి వరండాలోకి పోయి అటు తిరిగి కూర్చుంది. కింద జారుడుబండల మీద పిల్లల కేకలు. ప్రసాద్ పోయి పక్కన కూర్చోబోతే కొంచెం ఎడంగా జరిగింది. అతను లేచి లోపలికొచ్చాడు. ఒక అరగంట అట్టాగే గడిచింది. బాగా చదివిస్తున్నాననే మాట విజయకుమారికి ఇన్నేళ్లూ పనికొచ్చింది. ఇప్పుడది కూడా జ్వరం లాంటి మాటే అనిపించింది.

వరండాలోంచి భాను గొంతు వినపడింది, ఇటు తిరగకుండానే. "ఆమెకి ఫోన్ చెయ్యి. నువ్వే చెప్పు. నాన్న కాదు."

*

అంకాలమ్మ ఫోనెత్తితే హలో అనదు.

"వదినా, పాప బాగుండాదా?"

"బాగుంది. మేం ఇక్కడే ఉండాం అంకాలూ, పార్కు కాడ. పాత బ్లాకులో."

పాలెం ఆడవాళ్లు సగం మంది ఆ రిసార్టులో ఊడ్చి తుడిచేవాళ్లే. పాత బ్లాకంటే ఏందో ఆమెకి వేరే చెప్పాల్సిన పనిలేదు.

"నాలుగేసింది" అంది విజయకుమారి.

"సరిగ్గా చూసినావా వదినా?"

"చూసినాను. నీది కిటికీ పక్కనుంది. పాపకి చెప్పినాను. నేనే చెప్పినాను, అంతా."

షెడ్డులో ఫ్యాన్ల హోరు, ఐసు పలుగుతో కొడుతున్న చప్పుడు చాలాసేపు వినపడ్డాయి.

"చేతులు కడుక్కోని వస్తా" అంది అంకాలమ్మ.

గంటన్నరకి ఆటోలో దిగింది. తల స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, ఇస్త్రీ మడత నలగని చీర కట్టుకుంది. నిమ్మచెక్క రుద్దుకున్న వాసనొస్తోంది చేతుల నుంచి. గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడింది.

"లోపలికి రా" అంది విజయకుమారి.

ఆమె చూపు వరండా మీదే ఉంది. భాను లేచి నిలబడింది. పుట్టినప్పటి నుంచి పిలుస్తున్న పిలుపే పిల్ల నోటికొచ్చింది గాని, "అత్..." అని సగంలో ఆగిపోయింది. వేరే పిలుపు రాలేదు.

"నీది ఆ కిటికీ కాడ" అంది చివరికి.

అంకాలమ్మ చెప్పులు బయట విడిచి, మూడు మంచాలు దాటుకుని పోయి నాలుగోదాని అంచున కూర్చుంది. ముందు పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. తర్వాత వెనక్కి జరిగి పూర్తి బరువు మోపింది. చీర మడతల మీద చెయ్యి వేసింది.

"పన్నెండేళ్లు వదినా."

"అవును."

"నేను అడగలేదని నువ్వు ఇయ్యలేదా, నువ్వు ఇయ్యవని నేను అడగలేదా. షెడ్డులో కూసోని ఇదే అనుకుంటా ఉంటా. తేలేది కాదు."

"నాదే తప్పు అంకాలూ."

ఆ మాట అంకాలమ్మ కాదనలేదు. 'ఊరుకో వదినా' అనలేదు. కన్నీళ్లు పెట్టుకోలేదు. తలూపి, కిటికీలోంచి బయటికి చూసింది. ఆమె తిడితే బాగుండునని విజయకుమారికి అనిపించింది. ఆమె తిట్టలేదు.

ఎండ తగ్గాక భాను స్నానం డ్రస్సు వేసుకొచ్చింది. మంచం ముందు నిలబడి, "అలల కొలను ఉంది. వస్తావా?" అని అడిగింది. అంకాలమ్మ మొహంలో మొదటిసారి నవ్వులాంటిది వచ్చింది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, గంట కొడితే లేచే అలల్ని చూడటానికి పోయింది. శివశంకర్ పోయినాక ఆమె సముద్రంలో పాదం తడపలేదు. ఇక్కడ మోకాళ్ల దాకా, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగింది. గంట మోగింది. అల వచ్చే ముందు భాను ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరు ఎవరిని పడిపోకుండా పట్టుకున్నారో గట్టు మీద నుంచి తెలియలేదు. విజయకుమారి వాళ్ల రెండు జతల చెప్పులూ ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఎండలో కాగిన రబ్బరు తొడలకి చుర్రుమంటున్నా పక్కన పెట్టలేదు.

ఆ రాత్రి ఎవరి మంచం మీద వాళ్లు పడుకున్నారు. నలుగురికీ నిద్ర ఆలస్యంగానే పట్టింది.

*

పొద్దున టిఫిన్ దగ్గర భాను ఇడ్లీ తుంచుకుంటూ చెప్పింది. బడి తెరిచే దాకా పాలెంలో ఉంటానని. ఎవరినీ అడగలేదు, చెప్పింది. ప్రసాద్ సరేనన్నాడు. అంకాలమ్మ తలెత్తి విజయకుమారి వైపు చూసింది. ఆ చూపులో అడగడం ఉంది. ఇన్నేళ్ల తర్వాత రెండోసారి.

"తీసుకుపో" అంది విజయకుమారి. "బట్టలు నాలుగు జతలే ఉండాయి. మిగతావి ఆయన తెచ్చిస్తాడు."

తర్వాత, వేలితో చట్నీ గిన్నె అంచు తుడుస్తూ, "ఆ పుట్టిన కాగితం కూడా సరిచేయిస్తా" అంది. "ఎట్టా చెయ్యాలో నాకు తెలుసు. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్తా, పెడుదువు గాని."

కౌంటర్లో అబిగయీలు తాళం తీసుకుని, అన్నీ బాగున్నాయా అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెనకున్నవాళ్లని పిలిచింది. గేటు బయట ప్రసాద్ బండి తీశాడు. రొయ్యల చెరువు దగ్గర మిషను ఆగిపోయిందని అప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి. పాలెం ఆటోలో అంకాలమ్మ ఎక్కి కూర్చుంది. పక్కన భాను, మూడో చోట సంచీ.

విజయకుమారి ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది. జాగ్రత్త అనాలి, ఎండలో తిరగొద్దనాలి. ఏది అన్నా తల్లి మాటే అవుతుందని ఏమీ అనలేదు.

"వదినా" అంది అంకాలమ్మ. "నీ తమ్ముడు పోయినాక ఆ మూడు నెలలు తప్ప నువ్వు పుట్టింట్లో పడుకోలేదు గదా. నువ్వూ రా."

ఆ గొంతు కోపంగా లేదు, లాలనగా లేదు. షాపు తెరవాలన్న మాట విజయకుమారి నోటి దాకా వచ్చింది, మింగేసింది. ఆటోలోకి చూసింది. అందులో చోటు లేదు.

భాను ఆమె వంక చూసింది. చాలాసేపు అట్టాగే చూసింది, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా. డ్రైవరు ఇంజను తిప్పాడు. అప్పుడు పిల్ల పక్కనున్న సంచీ ఎత్తి ఒళ్లో పెట్టుకుని, అంకాలమ్మ వైపు జరిగింది.